సంఘాల వెబ్‌సైట్లకు శైలీ నియమావళి ఆవశ్యకత

ప్రవాస తెలుగు సంఘాలు ఏర్పడిన తొలి దశాబ్దాలలో సంఘపు జ్ఞాపకమంతా కార్యదర్శిగారి గరాజులో, ఒక మూలన, అట్టపెట్టెలలో ఉండేది. సభ్యుల పట్టిక, జమాఖర్చుల పుస్తకం, ఉగాది సంచికల మిగులు ప్రతులు, నాటకాల ఛాయాచిత్రాలు అన్నీ అందులోనే. కార్యవర్గం మారినప్పుడల్లా ఆ పెట్టెలు ఒక కారులోనుండి మరొక కారులోకి మారేవి. దారిలో ఒకటి రెండు తప్పిపోయినా తక్కినవి దక్కేవి. కాగితానికి ఒక సుగుణం ఉంది. ఎవరు వ్రాసినా, ఏ తీరున వ్రాసినా, తెలుగు చదవడం వచ్చినవారు పెట్టె తెరిస్తే చదువుకోగలరు. నేడు ఆ పెట్టెల స్థానాన్ని వెబ్‌సైటు ఆక్రమించింది. ఆ సుగుణం మాత్రం వెబ్‌సైటుకు దానంతట అది సంక్రమించదు. సైటు పెట్టేవారు ముందుగా కూర్చొని, మాటను ఎట్లా వ్రాయాలో, పేరును ఎట్లా చూపాలో, తేదీని ఏ రూపంలో ఇవ్వాలో నిర్ణయించి, ఆ నిర్ణయాలను వ్రాతపూర్వకంగా ఉంచితేనే అది సిద్ధిస్తుంది. ఇంగ్లీషులో స్టైల్ గైడు అని వ్యవహరించే ఈ శైలీ నియమావళి సంఘాలకు అలంకారం కాదు, అత్యవసరం.

వెబ్‌సైటు నిర్మించదలచిన కార్యవర్గం సాధారణంగా మూడు విషయాలు చర్చిస్తుంది: రంగులు ఏవి, చిహ్నం ఎక్కడ, పదవులలో ఉన్నవారి చిత్రాలు ఏ వరుసలో. మూడవదానికి పట్టే కాలం గురించి ఇక్కడ చెప్పకపోవడమే మర్యాద. మాటలు ఎట్లా వ్రాయాలన్న ప్రశ్న సమావేశంలోకి రానే రాదు. తెలుగు మాట్లాడేవారందరికీ తెలుగు వ్రాయడం వచ్చునన్న ధీమా ఇందుకు కారణం కావచ్చు. కాని పదిమంది వ్రాసేచోట పది తెలుగులు తయారవుతాయి. ఒకే పుటలో ‘డాలస్’ అని ఒకచోట, ‘డల్లాస్’ అని మరొకచోట, ‘న్యూజెర్సీ’ అని పైన, ‘న్యూజెర్సి’ అని క్రింద కనిపించే సైట్లు అరుదేమీ కావు.

ముద్రణాలయాలు ఈ చిక్కును చాలాకాలం క్రిందటే ఎదుర్కొన్నాయి. ఒకే పుస్తకంలోని రెండు అధ్యాయాలను ఇద్దరు అక్షరకూర్పరులు కూర్చితే ఒకే మాట రెండు రూపాలలో అచ్చయ్యేది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయంలో హొరేస్ హార్ట్ తన పనివారికోసం 1893లో ఒక చిన్న నియమాల పుస్తకం అచ్చువేయించింది ఇందుకే. షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయపు నియమావళి 1906లో వెలువడింది. నేటికీ ఆ రెండూ కొత్త కూర్పులతో వాడుకలో ఉన్నాయి. తెలుగువారికి ఇటువంటి ఆలోచన కొత్తది కాదు. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడిన తరువాత పాఠ్యపుస్తకాల భాషకు అది చాలాకాలం కొలబద్దగా నిలిచింది. ఇరవయ్యవ శతాబ్దంలో గిడుగు రామమూర్తి ఆ కొలబద్దనే ప్రశ్నించి, శిష్టజనుల వాడుకకే పట్టం కట్టాలని పోరాడారు. ఆ పోరాటం ఫలించి వాడుకభాష పత్రికలలోకి వచ్చిన తరువాత మరొక అవసరం ఏర్పడింది. వాడుకభాష అంటే ఎవరి వాడుక? ఏ రూపం? ఈ ప్రశ్నలకు సమాధానంగానే బూదరాజు రాధాకృష్ణ వంటివారు పత్రికా రచయితలకోసం వ్యవహార కోశాలు, వాడుక నియమాలు కూర్చారు. గ్రాంథికం పోతే నియమమే పోయిందని భావించినవారికి అవి మంచి సమాధానం.

అయితే ముద్రిత పుస్తకానికి, వెబ్‌సైటుకు ఒక మౌలికమైన భేదం ఉంది. పుస్తకంలో ‘పెళ్ళి’ అని ఒకచోట, ‘పెళ్లి’ అని మరొకచోట ఉంటే పాఠకుడు గమనించకుండానే చదువుకొనిపోతాడు. ఇది కేవలం సౌందర్యానికి సంబంధించిన లోపం. వెబ్‌సైటులోకి పాఠకుడు పుటలు త్రిప్పుకొంటూ రాడు, వెతుక్కొంటూ వస్తాడు. కంప్యూటరుకు ‘పెళ్ళి’లోని ళ క్రింద ళవత్తు వేరు, ‘పెళ్లి’లోని ళ క్రింద లవత్తు వేరు. ఒక రూపంతో వెతికితే రెండవ రూపంలో ఉన్న పుట దొరకదు. పెద్ద అన్వేషణ యంత్రాలు ఇటువంటి భేదాలను కొంతవరకు సర్దుకొనిపోగలవు. సంఘపు సైటులో ఉండే సాధారణమైన వెతుకులాట పెట్టె సర్దుకోదు. దొరకని పుట లేనట్లే లెక్క. కాగితం మీద అందచందాల సమస్యగా ఉన్నది ఇక్కడ ఉనికి సమస్యగా మారింది. శైలీ నియమావళి కూర్చేవారు తరచుగా విస్మరించే విషయం ఇదే కనుక దీనిని కొంత విపులంగా చూడవలసి ఉంది.

కంప్యూటరు అక్షరాల ఆకారాలను దాచుకోదు, వాటి సంఖ్యలను మాత్రమే దాచుకొంటుంది. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం, భారతదేశపు 1988 నాటి ఇస్కీ సంకేతాన్ని అనుసరించి, తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. ప్రతి అచ్చుకు, హల్లుకు, గుణింతపు గుర్తుకు అందులో ఒక్కొక్క సంఖ్య ఉంది. వత్తులకు ప్రత్యేక సంఖ్యలు లేవు. క, పొల్లు, ష అనే మూడు సంఖ్యలు వరుసగా వస్తే తెరమీద ‘క్ష’ కనిపిస్తుంది. ఈ ఏర్పాటులో కంటికి ఒకటిగా కనిపించేవి లోపల రెండుగా ఉండే అవకాశం ఉంది. ఇందుకు మంచి ఉదాహరణ సున్న. ‘అందరు’లోని పూర్ణానుస్వారానికి ఒక సంఖ్య, తెలుగు అంకెలలోని సున్నకు మరొక సంఖ్య. రెండూ చాలా ఫాంట్లలో దాదాపు ఒకే తీరుగా కనిపిస్తాయి. మీటల అమరిక సరిగా తెలియనివారు అనుస్వారానికి బదులు అంకెను నొక్కుతారు. చదివేవారికి లోపం కనిపించదు. వెతికేవారికి మాత్రం ఆ మాట ఎన్నటికీ దొరకదు. ‘దుఃఖం’ వ్రాసేటప్పుడు విసర్గకు బదులు రెండు చుక్కల విరామచిహ్నం పెట్టడం ఇటువంటిదే. ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ నమోదు చేయవచ్చు, ఎత్వం, దాని క్రింది గుర్తు అనే రెండు ముక్కలుగానూ నమోదు చేయవచ్చు. రెండూ సమానమని యూనికోడ్ ప్రకటించినా, వాటిని కలిపి ఒక్కటి చేసే పని సాఫ్ట్‌వేరుది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ పని చేస్తాయి, కొన్ని చేయవు.

వీటన్నింటికంటె చిక్కైనది కంటికి కనిపించని ఒక అక్షరం. ‘వెబ్‌సైటు’ అని వ్రాయాలంటే బకారపు పొల్లు నిలవాలి. నిలవకపోతే బ క్రింద సకారం వత్తుగా చేరి మాట పలకడానికే వీలుకాని రూపం ధరిస్తుంది. పొల్లును నిలపడానికి యూనికోడ్ ఒక అదృశ్యమైన అక్షరాన్ని ఇచ్చింది. దానిని నాన్‌జాయినర్ అంటారు. పొల్లు తరువాత అది ఉంటే వత్తు కలవదు. సంస్కృత, తెలుగు పదాలలో దీని అవసరం తక్కువ. ఇంగ్లీషు మాటలతో, ఊర్ల పేర్లతో నిండిన ప్రవాస జీవితంలో ఇది అడుగడుగునా కావాలి. ఒకరు దీనిని పెడతారు, ఒకరు దీనికి బదులు ఖాళీ వదలి ‘వెబ్ సైటు’ అంటారు, ఒకరు రెండూ చేయక వత్తును అట్లాగే ఉండనిస్తారు. ఒకే మాటకు మూడు రూపాలు. నియమావళిలో ఒక్క పంక్తి చాలు ఈ అయోమయాన్ని తొలగించడానికి.

ఈ అదృశ్యాక్షరం ఒకసారి ప్రపంచవార్త అయింది కూడా. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం మధ్యలో, దీర్ఘానికి ముందు, నాన్‌జాయినర్ చొరబడిన ఒక సందేశాన్ని చూపబోయి ఐఫోన్ల సాఫ్ట్‌వేరు కుప్పకూలింది. ఆ నెలలోనే దిద్దుబాటు విడుదలయింది. అప్పట్లో పత్రికలు దానిని తెలుగు అక్షరం చేసిన అల్లరిగా వ్రాశాయి. అక్షరం చేసిన తప్పేమీ లేదు. అక్షరసముదాయాన్ని చిత్రించే సాఫ్ట్‌వేరులో ఆ క్రమాన్ని ఎదురుచూడని లోపం ఉంది. తెలుగువంటి లిపిలో ఒక గుర్తు ఎక్కడ పడిందన్నది ఎంత ప్రధానమో ఆ ఉదంతం తెలియజేస్తుంది.

యూనికోడ్ ఉన్నా అది సామాన్య పాఠకుని కంప్యూటరుకు చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఆర్‌టీఎస్ అనే పద్ధతి రూపొందింది. రోమన్ లిపిలో చిన్న ‘టి’ వ్రాస్తే త, పెద్ద ‘టి’ వ్రాస్తే ట. చిన్న ‘ఎల్’ ల, పెద్ద ‘ఎల్’ ళ. ఆలోచిస్తే, ప్రవాస తెలుగువారు సమష్టిగా అంగీకరించిన తొలి శైలీ నియమావళి అదే. అందరూ ఒకే నియమాన్ని పాటించినందువల్లనే ఆనాడు ఆ పద్ధతిలో వ్రాసిన పద్యాలను, వ్యాసాలను ఈనాడు చిన్న ప్రోగ్రాముతో యూనికోడ్‌లోకి మార్చుకోగలుగుతున్నారు. అదే కాలంలో ఫాంట్ల ఆధారంగా కూర్చిన సంచికల గతి వేరు. అను వంటి ఫాంట్లలో తెలుగు ముక్కలు రోమన్ అక్షరాల, గుర్తుల స్థానాలలో కూర్చుంటాయి. అట్లా కూర్చిన వ్యాసాన్ని యథాతథంగా వెబ్‌పుటలో అతికిస్తే రోమన్ అక్షరాల గందరగోళం తప్ప మరేమీ కనిపించదు. ఒక్కొక్క దినపత్రిక ఒక్కొక్క ఫాంటు వాడిన రోజులలో వాటిని మార్చి చూపడానికి ‘పద్మ’ వంటి సాధనాలు పుట్టాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి ఫాంటు వచ్చిన తరువాత, యూనికోడ్ తెలుగు క్రమంగా ఇళ్ళలోకి ప్రవేశించింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమైంది. అయినా చాలా సంఘాల సంచికలు నేటికీ పాత ఫాంట్లలోనే తయారవుతున్నాయి. అచ్చు ముగియగానే ఆ తెలుగు వెతకడానికి వీలులేని బొమ్మగా మిగిలిపోతోంది. సంచికకు అంగీకరించే ప్రతి రచన యూనికోడ్‌లోనే ఉండాలన్నది నియమావళిలో మొదటి వాక్యం కావలసిన విషయం.

బొమ్మ ప్రసక్తి వచ్చింది కనుక సంఘాల ప్రకటనల గురించి కూడా చెప్పుకోవాలి. కార్యక్రమం నిర్ణయం కాగానే రంగురంగుల పోస్టరు ఒకటి తయారవుతుంది. అది వాట్సాప్‌లో తిరుగుతుంది. అదే బొమ్మను తెచ్చి వెబ్‌సైటులో పెట్టి పని అయిందనుకొంటారు. ఆ బొమ్మలోని అక్షరాలు సైటు వెతుకులాటకు అందవు. చూపు మందగించిన పెద్దవారికోసం తెరమీది మాటలను చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకూ అందవు. తెలుగు చదివి వినిపించే కంఠాలు నేడు ఫోన్లలోనే లభిస్తున్నాయి. ఊరుగాని ఊరిలో, పిల్లలు పనికి వెళ్ళిన ఇంట, ఒంటరిగా కూర్చొన్న డెబ్బై ఏళ్ళ తల్లికి ఆ కంఠం ఎంత తోడో చెప్పనక్కరలేదు. పోస్టరులో ఉన్న ప్రతి మాట, అంటే స్థలం, సమయం, రుసుము, భోజన వివరం, పుటలో అక్షరాలుగా కూడా ఉండాలి. పుట ఏ భాషలో ఉందో కంప్యూటరుకు తెలిపే రెండక్షరాల సంకేతం ఒకటుంది. దానిని పెట్టకపోతే ఆ సాఫ్ట్‌వేరు తెలుగును ఇంగ్లీషు ధోరణిలో చదవబోయి తడబడవచ్చు, లేదా మౌనం వహించవచ్చు. ఇది పుటను తయారుచేసేవారు ఒక్కసారి చేస్తే సరిపోయే పని.

ఇక పేర్ల సంగతి. సంఘాలలో మనస్పర్ధలకు సిద్ధాంతభేదాలకంటె పేర్ల ముద్రణే ఎక్కువసార్లు కారణమవుతుంది. ఇంటిపేరు ముందా, వెనుకా? తెలుగునాట ముందు వచ్చే ఇంటిపేరు పాశ్చాత్య దేశాలలో చివరికి పోయింది. దాతల పట్టికలో సగం మంది ఒక పద్ధతిలో, సగం మంది మరొక పద్ధతిలో ఉంటే అకారాది క్రమానికి అర్థమే ఉండదు. ఆ క్రమాన్ని కంప్యూటరుకు వదిలితే అదొక తంటా. యూనికోడ్ సంఖ్యల వరుసలో ళ లకారం వెంటనే వస్తుంది, సంప్రదాయ వర్ణమాలలో అది హకారం తరువాత వస్తుంది. ‘లత’ అనే పేరులోని తకారానికి రోమన్ లిపిలో ‘టి’ ఒక్కటే వ్రాసేవారున్నారు, పక్కన ‘హెచ్’ చేర్చేవారున్నారు. దక్షిణాఫ్రికాకు తరతరాల క్రిందట వెళ్ళిన కుటుంబాలలో నాయుడు అనే పేరు రోమన్ లిపిలో చివర రెండు ‘ఓ’లతో స్థిరపడింది. దానిని దిద్దే అధికారం ఏ సంపాదకునికీ లేదు. పేరు దాని సొంతదారు వ్రాసుకొనే రీతిలోనే ఉండాలి. అదే సమయంలో తెలుగు లిపిలోనూ ఒక రూపం ఉండాలి, అది ఆ కుటుంబాన్ని అడిగి తెలుసుకొన్నదై ఉండాలి. సభ్యత్వ పత్రంలో ‘మీ పేరు తెలుగులో’ అని ఒక గడి చేర్చడం కష్టమైన పని కాదు. దాని విలువ ఏ నలభై ఏళ్ళకో తెలుస్తుంది. తాతగారు సంచికలో వ్రాసిన వ్యాసం కోసం వెతికే మనుమరాలికి రోమన్ లిపిలోని ఇంటిపేరు ఒక్కటే తెలిసి ఉండవచ్చు. రెండు రూపాలూ పక్కపక్కన ఉన్న పుట ఆమెకు దొరుకుతుంది. తెలుగు రూపం మాత్రమే ఉన్నది దొరకదు.

గౌరవవాచకాలు మరొక చిక్కు. కొందరి పేర్ల ముందు ‘డాక్టర్’, కొందరి ముందు ‘శ్రీ’, కొందరి వెనుక ‘గారు’, మరికొందరికి ఏదీ లేకపోవడం వల్ల కలిగే నొప్పి ఏ కార్యదర్శికైనా తెలిసినదే. భర్త పేరుతోనే గుర్తించి, భార్య పేరును ‘శ్రీమతి’ చాటున మరుగుపరచిన పట్టికలు పాత సంచికలలో కోకొల్లలు. నాటకంలో ప్రధానపాత్ర ధరించిన స్త్రీ సొంత పేరేమిటో ఆ పట్టికలనుబట్టి తెలియదు. పట్టికలలో ఎవరికీ ఏ బిరుదూ వద్దు, వ్యాసాలలో, వార్తలలో అందరికీ ‘గారు’ ఉండాలి, ప్రతి వ్యక్తికీ సొంత పేరు ఉండాలి అన్న నియమం ముందుగా వ్రాసిపెడితే సంపాదకునిపై నింద పడదు. ఆయన నియమాన్ని చూపి తప్పించుకోవచ్చు. నియమావళివల్ల కలిగే సౌకర్యాలలో ఇది చిన్నదేమీ కాదు.

తేదీల విషయంలో ఔదాసీన్యం నేరుగా నష్టం కలిగిస్తుంది. 6/8 అంటే అమెరికాలో పెరిగిన పిల్లవాడికి జూన్ 8, హైదరాబాదులోని తాతకు, లండనులోని పినతండ్రికి ఆగస్టు 6. నెలను ఎప్పుడూ అక్షరాలలోనే వ్రాయాలి, సంవత్సరాన్ని వదలకూడదు. ‘వచ్చే శనివారం’ అన్న ప్రకటన సైటులో ఐదేళ్ళు ఉండిపోతే అది ఏ శనివారమో చెప్పగలవారు ఉండరు. తెరమీది సమావేశాలు పెరిగిన తరువాత సమయం కూడా సమస్య అయింది. వేసవిలో షికాగోలో శనివారం రాత్రి 8 గంటలైతే హైదరాబాదులో ఆదివారం ఉదయం 6:30, దుబాయిలో ఆదివారం తెల్లవారుజామున 5. శీతాకాలంలో అమెరికా గడియారాలు ఒక గంట వెనక్కు తిరుగుతాయి కనుక అదే షికాగో 8 గంటలు హైదరాబాదుకు 7:30. ఏ ఊరి సమయమో చెప్పని ప్రకటన సగం ప్రకటనే.

పండుగల తేదీలు ఇంకా సూక్ష్మమైనవి. చాలా పండుగలకు సూర్యోదయ సమయంలో ఉన్న తిథి ప్రధానం. హైదరాబాదులో సూర్యోదయానికి ఉన్న తిథి, దాదాపు పది గంటల తరువాత న్యూజెర్సీలో సూర్యుడు ఉదయించేసరికి ముగిసిపోయి ఉండవచ్చు. అప్పుడు అక్కడి పండుగ ఒక రోజు ముందుగా వస్తుంది. తెలుగునాట అచ్చయిన పంచాంగంలోని తేదీని మార్చకుండా ఎత్తివ్రాసే సైటు ఈ విషయాన్ని గమనించదు. ఏ ఊరికి గణించిన పంచాంగమో పేర్కొనాలన్న చిన్న నియమం ఏటా జరిగే వాదోపవాదాలను సగానికి తగ్గించగలదు. మిగిలిన సగం పురోహితులకు వదలవచ్చు.

పుటల చిరునామాల విషయంలో ఒక మాట. వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఒక వ్యాసంలో చిరునామాలు మారకుండా ఉండాలని వాదించారు. కొత్త కార్యవర్గం సైటును కొత్తగా కట్టించినప్పుడల్లా పాత చిరునామాలన్నీ చెడిపోతాయి. వాటిని ఇతరులు ఎక్కడెక్కడ ఉదాహరించారో ఆ లింకులన్నీ గోడకు తగులుతాయి. పదవిలో ఉన్నవారి పేర్లు, సాఫ్ట్‌వేరు పేర్లు చిరునామాలో ఉండకూడదు, సంవత్సరం, విషయం ఉంటే చాలు. చిరునామాలో తెలుగు అక్షరాలు పెట్టవచ్చునా అంటే పెట్టవచ్చు. కాని ‘తెలుగు’ అనే మూడక్షరాల మాట యూనికోడ్‌లో ఆరు సంకేతాలు, ఒక్కొక్క సంకేతం మూడు బైట్లు, ఒక్కొక్క బైటు చిరునామాను ఇతరులకు పంపేటప్పుడు మూడు గుర్తులుగా మారుతుంది. ఆ ఒక్క మాట 54 గుర్తుల తోక అవుతుంది. ప్రస్తుతానికి రోమన్ లిపిలో చిన్న చిరునామాయే ఉత్తమం. ఉచితంగా స్థలమిచ్చే సంస్థలపై ఆధారపడటం కూడా మంచిది కాదు. 2009 అక్టోబరులో యాహూ సంస్థ అమెరికాలో జియోసిటీస్‌ను మూసివేసినప్పుడు అసంఖ్యాకమైన సొంత పుటలు అదృశ్యమయ్యాయి.

చూపుకు సంబంధించిన నియమాలు కొన్ని చాలు. తెలుగు అక్షరానికి పైన గుడులు, క్రింద వత్తులు ఉంటాయి కనుక ఇంగ్లీషుకు చాలిన పంక్తుల ఎడం దీనికి చాలదు. క్రింద గీత గీస్తే అది వత్తులను కోస్తుంది. అక్షరాలను పక్కకు వాల్చడం తెలుగు సంప్రదాయంలో లేదు, ప్రాధాన్యానికి బొద్దు అక్షరాలు వాడితే సరి. చదివే పాఠానికి మండలి, శీర్షికలకు రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా లభిస్తున్నాయి. రెండింటికి మించి ఫాంట్లు వాడిన పుట పెళ్ళిపందిరిని తలపిస్తుంది.

ఇంతవరకు చెప్పినదానికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. దానిని తేలికగా తోసివేయరాదు. నియమం పెట్టేది ఎవరు? కృష్ణా, గోదావరి మండలాల పలుకుబడిని ప్రమాణమని చెప్పి, తెలంగాణ, రాయలసీమ, కళింగాంధ్ర మాటలను ‘యాస’ అని పక్కకు నెట్టిన చరిత్ర తెలుగు పత్రికలకు ఉంది. పాఠ్యపుస్తకాలకూ ఉంది. ‘వచ్చిండు’ అని వ్రాసినవారి వ్యాసాన్ని ‘వచ్చాడు’ అని దిద్ది ప్రచురించే సంపాదకుడు తాను భాషకు సేవ చేస్తున్నానని నమ్ముతాడు. వ్రాసినవారి మనసు ఏమైందో ఆయనకు తెలియదు. శైలీ నియమావళి ఆ దిద్దుబాటుకు ఆయుధమైతే అది లేకపోవడమే మేలు. గిడుగువారు వ్యతిరేకించిన గ్రాంథికమే మరొక వేషంలో తిరిగి వచ్చినట్లవుతుంది.

దీనికి పరిష్కారం లేకపోలేదు. సైటులో రెండు కంఠాలు ఉంటాయి. ఒకటి సంఘపు కంఠం: ప్రకటనలు, నిబంధనలు, పట్టికలు, శీర్షికలు, పుటల పేర్లు. రెండవది రచయితల కంఠం: కథలు, కవితలు, జ్ఞాపకాలు, వ్యాసాలు. నియమావళి మొదటిదానిని శాసించాలి, రెండవదానిని ముట్టరాదు. రచయిత పలుకుబడిని కాపాడుతూ, ఆ పుటకు సంబంధించిన అన్వేషణ పదాలను మాత్రం అంగీకృత రూపంలో విడిగా జోడిస్తే వెతికేవారికీ లోటు ఉండదు. రచయితకు వత్తులు, సున్నలు, విసర్గలు సరిచేసి పెట్టడం దిద్దుబాటు కాదు, అది లేఖకుని ధర్మం. మాటను మార్చడం వేరు. ‘పెళ్ళి’, ‘పెళ్లి’ రూపాలలో ఏది సరైనదని గంటలకొద్దీ వాదించే పండితులు ఎప్పుడూ ఉంటారు. నియమావళి ఆ వివాదాన్ని తేల్చనక్కరలేదు. సంఘపు కంఠంలో ఏదో ఒకటి స్థిరంగా వాడాలని చెబితే చాలు. సంఘపు ప్రకటనలలో ఏ పలుకుబడి ఉండాలన్నది మాత్రం అన్ని ప్రాంతాల సభ్యులూ కూర్చొని తేల్చుకోవాలి. తెలంగాణ 2014 జూన్ 2న ప్రత్యేక రాష్ట్రమయింది. ఆ తరువాత కూడా సభ్యుల స్వస్థలాలన్నింటినీ ‘ఆంధ్రప్రదేశ్’ అనే ఒకే గడిలో చూపే పుటలు సంఘానికి శోభనివ్వవు. 2014కు ముందు వ్రాసిన పుటలలోని పేరును మాత్రం మార్చరాదు, అది ఆనాటి పత్రం.

ఈనాటి కాలానికి చెందిన రెండు విషయాలు ప్రత్యేకంగా చేర్చాలి. ఇంగ్లీషు ప్రకటనను యంత్రానువాదానికి ఇచ్చి, వచ్చినదానిని చదవకుండా ప్రచురించే అలవాటు వ్యాపిస్తోంది. సభాధ్యక్షుడు అనువాదంలో ‘కుర్చీ’ అయిపోగల ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. యంత్రం వ్రాసినది తెలుగు వచ్చిన మనిషి ఒకరు చదివి బాధ్యత వహించనిదే సైటుకు ఎక్కరాదు. రెండవది పిల్లల సంగతి. పాటల పోటీలో గెలిచిన ఎనిమిదేళ్ళ బాలిక ఛాయాచిత్రం క్రింద పూర్తి పేరు, బడి పేరు, తండ్రి ఫోను నంబరు వేసే ఉత్సాహం సంఘాలకు సహజం. అచ్చు సంచిక రెండు వందల ఇళ్ళకు చేరేది. సైటు ఎవరింటికి చేరుతుందో ఎవరూ చెప్పలేరు. తల్లిదండ్రుల వ్రాతపూర్వక అనుమతి లేనిదే పిల్లల చిత్రాలు వేయరాదు, అనుమతి ఉన్నా పేరులో మొదటి భాగం చాలు. దీనిని మర్యాదకు సంబంధించిన సూచనగా కాక, మినహాయింపు లేని నియమంగా వ్రాయాలి.

నియమావళి పెద్ద గ్రంథం కానక్కరలేదు, కారాదు కూడా. నూరు పుటల నియమావళిని సాయంత్రం పనినుండి వచ్చి, అన్నం తిని, పిల్లలను పడుకోబెట్టి, రాత్రి పది గంటలకు సైటు దిద్దే స్వచ్ఛంద సేవకుడు తెరవడు. ఎనిమిది, పది పుటలు, అందులో సగం ఉదాహరణలు ఉండాలి. ప్రతి నియమం పక్కన దాని కారణం ఒక వాక్యంలో ఉండాలి. కారణం తెలియని నియమాన్ని తరువాతి కార్యవర్గం మొదటి నెలలోనే తోసిపుచ్చుతుంది. ఊర్ల పేర్లు, సంఘపు పదవులు, తరచుగా వచ్చే ఇంగ్లీషు మాటలు – వీటి అంగీకృత తెలుగు రూపాల పట్టిక ఒకటి చివర ఉంటే, రోజూ ఉపయోగపడేది అదే. నియమావళి తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ ఉండాలి. సైటు సాంకేతిక బాధ్యత నేడు చాలాచోట్ల అక్కడే పుట్టి పెరిగిన రెండవ తరం యువతీయువకులది. వారికి తెలుగు వినడం వచ్చు, చదవడం కష్టం. పొల్లు తరువాత అదృశ్యాక్షరం ఎందుకు కావాలో వారికి ఇంగ్లీషులో చెబితే, దానిని తప్పక పెట్టించే ప్రోగ్రామును వారే వ్రాయగలరు. వత్తుల సంగతి పెద్దలు చూస్తారు, సంకేతాల సంగతి పిల్లలు చూస్తారు. ఒకే బల్ల దగ్గర రెండు తరాలు తెలుగు అక్షరం గురించి మాట్లాడుకొనే సందర్భాలు ప్రవాసంలో అంత ఎక్కువేమీ లేవు.

నియమావళి బాధ్యత పదవులతోపాటు మారని ఒక వ్యక్తికి, లేదా ఇద్దరికి అప్పగించాలి. రెండేళ్ళకొకసారి ఎన్నికలు జరిగే సంఘంలో అధ్యక్షుడు మారినా వారు మారకూడదు. ఏటా ఉగాది తరువాత ఒకసారి కూర్చొని పట్టికలో కొత్త మాటలు చేర్చి, మార్పు తేదీ వేయాలి. సైటు సంకేతపదాలు ఎవరివద్ద ఉన్నాయో, చిరునామా రుసుము ఏ నెలలో చెల్లించాలో కూడా అదే పత్రంలో మొదటి పుటలో ఉండటం మంచిది. ఆ పత్రం ప్రతి ఒకటి కాగితం మీద అచ్చువేయించి, పాత సంచికలున్న అట్టపెట్టెలోనే ఉంచాలి. ఆ పెట్టెలోని సంచికలను యూనికోడ్‌లోకి మార్చే పనికి నియమావళి ముగిసిన మరుసటి వారమే పూనుకోవచ్చు. అన్నింటికంటె పాతవి, ఒకే ప్రతి మిగిలినవి ముందు.